పులుపుకు లొంగని స్టీలు ఉప్పుకు లొంగుతుంది

కొత్తావకాయ పెట్టే రోజులు వచ్చాయంటే అటకల మీది జాడీలు కిందికి దిగుతాయి. గరిటె మొదలు గంగాళం వరకు వంటిల్లంతా స్టీలుమయమైనా, ఊరగాయ దగ్గర మాత్రం జాడీదే పెత్తనం. ఇది పెద్దల చాదస్తమని కొట్టిపారేసి ఆవకాయను స్టీలు డబ్బాలో నిల్వ చేస్తే, కొన్ని నెలలకు డబ్బా అడుగున గుండుసూది మొనంత నల్లని గుంటలు కనిపించవచ్చు. ఇంటి వద్ద పచ్చళ్లు చేసి అమ్ముకునేవారికైతే డబ్బా పోవడంతోపాటు సరుకూ పోతుంది, పేరూ పోతుంది. తుప్పు పట్టదనే స్టీలుకు ఈ గతి ఎందుకు?

తనకు తానే కళాయి

స్టీలు రాకముందు ఇత్తడి గిన్నెలదే రాజ్యం. చింతపండు పులుసు తగిలితే ఇత్తడిలోని రాగి కరుగుతుంది. అందుకే లోపల తగరంతో కళాయి పూయించేవారు. అరిగినప్పుడల్లా మళ్లీ పూయించక తప్పేది కాదు. స్టీలు ఆ బెడద తీర్చింది.

నిజానికి స్టీలుకూ కళాయి ఉంది. కాకుంటే అది కంటికి కనిపించదు, తనకు తానే పూసుకుంటుంది. ఉక్కులో కనీసం పదిన్నర శాతం క్రోమియం ఉంటే అది గాలిలోని ప్రాణవాయువుతో కలిసి పలుచని పొరగా ఏర్పడుతుంది. మిల్లీమీటరును పది లక్షల భాగాలు చేస్తే అందులో రెండు మూడు భాగాలే దాని మందం. గీత పడినా పొర వెంటనే పూడుకుంటుంది. 1913లో ఇంగ్లండులోని షెఫీల్డులో క్రోమియం ఉక్కును పోతపోసిన హారీ బ్రియర్లీ, అది వెనిగరుకు, నిమ్మరసానికి చెక్కుచెదరకపోవడం గమనించి కత్తుల తయారీకి పనికివస్తుందని గ్రహించారు.

ఉప్పు తోడైతే

చింతపండులోని టార్టారిక్ ఆమ్లం గాని, నిమ్మలోని సిట్రిక్ ఆమ్లం గాని, పెరుగులోని లాక్టిక్ ఆమ్లం గాని వంటింట్లో ఒంటరిగా ఈ పొరను పెద్దగా ఏమీ చేయలేవు. కనుకనే స్టీలు గిన్నెలో చారు కాచినా భయం లేదు.

ఊరగాయ సంగతి వేరు. ఉప్పులోని క్లోరైడు పొరలో బలహీనమైన చోటును వెతికి ఛేదిస్తుంది. పక్కనే పులుపు ఉండడంతో పొర తిరిగి కుదురుకోవడం కష్టమవుతుంది. అడుగున ఉప్పు, ముక్కలు పేరుకున్నచోట ప్రాణవాయువు సరిగా అందదు. ఒకసారి గుంట పడితే అందులో ఆమ్లం మరింత చిక్కబడి లోలోపలికి తొలుస్తుంది. వంటకు గంట చాలు, ఊరగాయ నెలల తరబడి ఉంటుంది. తేడా అంతా అక్కడే ఉంది.

అయస్కాంతం చెప్పదు

అయస్కాంతం అంటుకోకపోతే మేలురకం స్టీలని చాలామంది నమ్మకం. నికెలు తగ్గించి మాంగనీసు పెంచిన 200 శ్రేణి స్టీలుకూ అయస్కాంతం అంటుకోదు. ఉప్పుకు మాత్రం అది త్వరగా లొంగుతుంది. సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెలు ఉన్న 304 రకం అంతకంటె మెరుగు. రెండు మూడు శాతం మాలిబ్డినం కలిసిన 316 రకం ఉప్పును మరింత తట్టుకుంటుంది. అయితే ధర ఎక్కువ, పైగా అదీ అజేయమేమీ కాదు.

నిమ్మఉప్పు వైద్యం

విచిత్రమేమంటే, పులుపే స్టీలుకు మందు కూడా. పేరుకు ఉప్పే గాని నిమ్మఉప్పు అంటే సిట్రిక్ ఆమ్లమే. పాత్రలు, తొట్టెలు తయారుచేసేటప్పుడు పనిముట్ల నుంచి అంటిన ఇనుప రజను తుప్పుకు నాంది పలుకుతుంది. కర్మాగారాలలో 4 నుంచి 10 శాతం సిట్రిక్ ఆమ్ల ద్రావణంతో ఆ రజనును కరిగించి, మంచినీటితో కడుగుతారు. అప్పుడు క్రోమియం పొర లోపం లేకుండా ఏర్పడుతుంది.

గృహిణులు పాటించవలసినవి స్వల్పమే. నీరు మరిగాకే ఉప్పు వేసి కలపాలి. గిన్నెలను ఇనుప పీచుతో రుద్దరాదు. ఉప్పూ పులుపూ కలిసిన పదార్థాన్ని రాత్రంతా స్టీలులో ఉంచరాదు. ఊరగాయను మాత్రం జాడీకో, గాజు సీసాకో అప్పగించడమే క్షేమం.