మా వారి మరపడవ

దోణిమలైలో కాపురం ఉండేవాళ్ళు మరపడవ కొంటామంటే వినేవాళ్ళు నవ్వరా మరి! మాది కొండల నడుమ ఇనుప ఖనిజం తవ్వే ఊరు. కిటికీ తీస్తే ఎర్రదుమ్ము, ఆరేసిన పంచె మీద ఎర్రదుమ్ము. 1977లో ఎన్.ఎం.డి.సి. గని మొదలైనప్పటి నుంచీ కోస్తా నుంచో, సీమ నుంచో, హైదరాబాదు నుంచో వచ్చి ఇక్కడ ఉద్యోగాలు చేసుకుంటున్న మనవాళ్ళకు ముందు స్కూటరు, తర్వాత కారు, ఆ తర్వాత హోసపేటలోనో బళ్ళారిలోనో ఒక స్థలం, ఇదే వరుస. ఆ వరుసలో పడవ లేదు. మా వారు చేర్చారు.

ఆయన వచ్చే ఏడు రిటైరవుతున్నారు. చేతికొచ్చే డబ్బులో పిల్లల పేర రాయవలసింది రాశాక, బ్యాంకులో వేయవలసింది వేశాక, కొంత తీసి పక్కన పెట్టి, "ఇది నా మరపడవకు" అన్నారు. ముప్పై నాలుగేళ్ళ కాపురంలో తనకోసమని ఆయన అడిగిన వస్తువు ఇదొక్కటే. అందుకని నేను వెంటనే కాదనలేదు, సరేననీ అనలేదు.

ఆయనది కోనసీమ. కోటిపల్లి రేవులో పంటు ఎక్కి అవతల ముక్తేశ్వరంలో దిగడం ఆయనకు మనం బస్సెక్కి దిగడంతో సమానం. ల్యాంచీ నడిపే సరంగు పక్కన నిలబడటానికి చిన్నప్పుడు జామకాయలు లంచమిచ్చిన మనిషి. నేను ఉరవకొండ పక్క పల్లెలో పుట్టినదాన్ని. మా ఇంట్లో నీళ్ళంటే తుంగభద్ర ఎగువ కాలువకు వదిలారా లేదా అన్న వార్త. కాలువలో నీళ్ళు చూస్తే మా నాన్న చెప్పులు విడిచి దణ్ణం పెట్టేవాడు. అటువంటి నీళ్ళ మీద పెట్రోలు కాల్చుకుంటూ షికారు తిరగడమా అన్నది నాకు గొంతు దిగలేదు. ఇద్దరి నీళ్ళూ ఒకటి కావు చూడండి.

ఇంకొక సంగతి కూడా ఉంది. రిటైరయ్యాక కంపెనీ క్వార్టరు ఖాళీ చేయాలి. పడవ కొంటే డ్యాము పక్కన హోసపేటలో ఉండిపోతాం. కొనకపోతే హైదరాబాదులో అబ్బాయి దగ్గరికి వెళతాం. ఏ పడవ, ఎప్పుడు అని మేము రాత్రుళ్ళు వాదించుకున్నదంతా నిజానికి ఎక్కడ ముసలివాళ్ళం కావాలి అన్నదాని గురించే. ఆ మాట మాత్రం ఇద్దరం పైకి అనలేదు చాలా రోజులు.

మొదటి సలహా అట్లాంటా దగ్గరున్న మా తమ్ముడిది. వాళ్ళకు దగ్గర్లో లేనియర్ సరస్సు ఉంది. అదీ డ్యాము కట్టగా ఏర్పడిన చెరువే. "బావా, నువ్వు పాంటూన్ తీసుకో" అన్నాడు. రెండు అల్యూమినియం గొట్టాల మీద బల్లపరుపు అరుగు, చుట్టూ కటకటాలు, సోఫాలు. పులిహోర, గారెలు పట్టుకుని పదిమంది కూర్చుని వెళ్ళొచ్చట. వాడు మాత్రం సొంతంగా కొనలేదు, ఎండాకాలంలో రెండుసార్లు అద్దెకు తీసుకుంటాడు. కొనేవాళ్ళు ఎండాకాలం వెళ్ళిపోయే ముందు కొంటారనీ, చలికాలమంతా పడవ పెట్టుకోవడానికి చోటు లేనివాళ్ళు అప్పుడు తగ్గించి అమ్ముతారనీ చెప్పాడు. పడవ ధరలో పదోవంతు ఏడాదికి పోషణ ఖర్చు కింద వేసుకోమన్నాడు. ఈ లెక్క మాత్రం అక్కడా ఇక్కడా ఒకటేనని తర్వాత తెలిసింది.

కానీ లేనియర్ వేరు, మా డ్యాము వేరు. 1945లో పునాది వేసి 1953కల్లా నీళ్ళు నిలిపిన తుంగభద్ర జలాశయం నిండితే దాదాపు 350 చదరపు కిలోమీటర్లు పరుచుకుంటుంది. ఒడ్డున నిలబడితే అవతలి గట్టు కనపడదు. కానీ లోతు తక్కువ, పరపు ఎక్కువ. మొదట్లో 133 టీఎంసీలు పట్టేది, పూడిక చేరి చేరి 2016 కొలతల నాటికి 105 టీఎంసీల చిల్లరకు వచ్చింది. మా గనుల కొండల మట్టి కూడా కొంత అందులో ఉందని మా వారే ఒప్పుకుంటారు. అడుగున తొంభై దాకా ఊళ్ళు ఉన్నాయి. నారాయణదేవరకెరె అనే పెద్ద ఊరు మునిగితే ఆ జనమంతా మరియమ్మనహళ్ళికి వచ్చారు. వేసవిలో నీరు తీసినప్పుడు గోడలూ, మొండి రాళ్ళూ బయటికి వస్తాయి. నీళ్ళు సగం ఉన్నప్పుడు అవే రాళ్ళు అడుగు లోతులో దాక్కుని ఉంటాయి. పాంటూన్‌ను అక్కడికి తీసుకెళితే గొట్టాలు చిల్లులు పడటం ఖాయం.

గాలి సంగతి చెప్పాలి. జూన్ నుంచి ఆగస్టు దాకా నైరుతి గాలి ఈ మైదానాల మీద ఎలా వీస్తుందో గాలిమరలు పెట్టిన వాళ్ళకు తెలుసు, బట్టలు ఆరేసే మాకూ తెలుసు. అంత పరపు మీద గాలికి అడ్డు లేకపోతే అలలు లేస్తాయి. సరిగ్గా ఆ నెలల్లోనే మల్నాడు వానలకు డ్యాము నిండుతుంది. అంటే నీళ్ళున్నప్పుడు గాలి, వేసవిలో గాలి పడిపోయేసరికి నీళ్ళు కాలువల వెంట పోయి ఒడ్డు కిలోమీటర్ల దూరం జరిగి బురద మిగులుతుంది. మధ్యలో అక్టోబరు నుంచి జనవరి దాకా నాలుగు నెలలు. హిమాలయాలు దాటి వచ్చే బాతులు వెనకజలాల్లో దిగేదీ అప్పుడే. ఏడాదికి నాలుగు నెలల కోసం ఇంత ఖర్చా అని నేను. నాలుగు నెలలు కదా, కోనసీమలో కొబ్బరికాయ దింపు కూడా ఏడాది పొడుగునా ఉండదు అని ఆయన. ఆ పోలిక నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

డ్యాము దిగువకు, హంపీ వైపు వెళ్దామా అంటే అక్కడ మరపడవ మాట ఎత్తకూడదు. రాళ్ళు, సుడులు, పైగా ముద్లాపురం నుంచి కంప్లి దాకా ముప్పై నాలుగు కిలోమీటర్ల నదిని 2015లో నీటికుక్కల రక్షణ ప్రాంతంగా ప్రకటించారు. ఆ నది పుట్టిదే. కన్నడం వాళ్ళు హరిగోలు అంటారు. రాయల కాలంలో విజయనగరం చూసిన పోర్చుగీసు యాత్రికుడు పేయెస్ కూడా ఆనెగొంది దగ్గర జనం గుండ్రటి బుట్టపడవల్లో దాటడం రాసిపెట్టాడు. వెదురు బద్దల బుట్ట, అప్పట్లో పైన తోలు, ఇప్పుడు తారు పూసిన పట్టా. రాయి తగిలితే వంగి జారిపోతుంది. ఐదువందలేళ్ళుగా ఆ నదికి తగిన పడవ అదేనన్నమాట. "మరి అదే కొనండి, ఇంజను లేదు, పెట్రోలు లేదు" అన్నాను. తెడ్డు వేయడానికి భుజం నొప్పి అన్నారు.

ఇక పడవల సంగతి. ఆయన కాగితం మీద గీతలు గీసి నాకు చెప్పిందాన్ని నా మాటల్లో చెబుతాను. తక్కువ బలం ఉన్న ఇంజను పడవను నీళ్ళలోంచి తోసుకుంటూ పోతుంది. బలం చాలినంత ఉంటే పడవ ముక్కు లేచి, నీటి మీదికెక్కి జారుతుంది. అలా జారడానికి పద్నాలుగు అడుగుల పడవలో నలుగురు కూర్చుంటే పాతిక గుర్రాల ఇంజను కావాలి. పది గుర్రాలదైతే నెమ్మదిగా తోసుకుంటూ పోతుందంతే. పాతిక గుర్రాలది పూర్తి వేగంతో వెళితే గంటకు తొమ్మిది లీటర్ల పెట్రోలు తాగుతుంది. లీటరు నూరు దాటిన రోజుల్లో గంటకు ఎంతవుతుందో గృహిణులకు నేను చెప్పక్కర్లేదు.

బరువు చూడండి. పది గుర్రాల నాలుగు స్ట్రోకుల ఇంజను నలభై కిలోల చుట్టూ ఉంటుంది, అంటే దగ్గర దగ్గర బియ్యం బస్తా బరువు. పాతిక గుర్రాలది ఇంకా ఎక్కువ. మా ఇద్దరికీ కలిపి నూట పదహారేళ్ళు, దాన్ని ఎత్తేదెవరు? రెండు స్ట్రోకులది కొంచెం తేలిక, మరమ్మతు సులువు, కానీ పొగ, చమురు నీళ్ళలో కలుస్తుంది. ఆ నీళ్ళే కాలువ పట్టి మా ఊరికి వెళతాయి. అందుకని రెండు స్ట్రోకులది వద్దని నేను గట్టిగా చెప్పాను. ఆ ఒక్కచోట ఆయన మారు మాట్లాడలేదు.

గోవా వైపు నుంచి వాడిన పడవ ఒకటి తక్కువలో వస్తుందని ఒక వర్తకుడు ఫోటోలు పంపాడు. తెల్లగా మెరిసిపోతోంది. మా వారు గనిలో యంత్రాలు చూసిన మనిషి కనుక ఇంజను మూత తీసిన ఫోటో పంపమన్నారు. నాలుగు వారాలకు వచ్చింది. సముద్రపు నీటితో చల్లబడే ఇంజను లోపలి దారుల్లో ఉప్పు పేరుకుంటుంది, ప్రతిసారీ మంచినీటితో కడగకపోతే తినేస్తుంది. బోల్టుల చుట్టూ తెల్లటి పొడి చూసి ఆయన ఆ మాట మళ్ళీ ఎత్తలేదు. గాలి కొట్టే రబ్బరు పడవ కూడా చూశాం. చుట్టి కారు డిక్కీలో పెట్టుకోవచ్చు, కానీ ఆ మొండి రాళ్ళూ, ఒడ్డున తుమ్మముళ్ళూ తలుచుకుంటే ధైర్యం చాలలేదు.

చివరికి తేలింది ఇది: పద్నాలుగు అడుగుల అల్యూమినియం పడవ, అడుగు చదునుది, పది గుర్రాల నాలుగు స్ట్రోకుల ఇంజను. రాయి తగిలితే ఫైబరు పగులుతుంది, అల్యూమినియం సొట్టపడుతుంది. సొట్టతో ఇంటికి రావచ్చు. నీటి మీద జారే వేగం ఆయన వదులుకున్నారు. అది ఆయనకు కష్టమే. హుస్సేన్ సాగర్‌లో స్పీడుబోటు ఎక్కి దిగినప్పుడు ఆయన ముఖం చూశాను కనుక నాకు తెలుసు.

కాగితాల పని కూడా రాయాలి, కొనాలనుకునే వాళ్ళకు పనికొస్తుంది. 1917 నాటి పాత చట్టం పోయి 2021లో దేశమంతటికీ ఒకే లోతట్టు నౌకల చట్టం వచ్చింది. యంత్రంతో నడిచే పడవకు తనిఖీ, నమోదు, బీమా కావాలి. దానిపైన జలాశయంలో దింపడానికి అనుమతి వేరే. పడవ కొన్నాక అనుమతికి తిరిగితే పడవ పెరట్లో కోళ్ళగూడవుతుంది. ముందు అనుమతి, తర్వాత బేరం. ఒక కార్యాలయంలో మమ్మల్ని మూడుసార్లు రమ్మన్నారు, మూడుసార్లూ టీ ఇచ్చారు, కాగితం ఇంకా ఇవ్వలేదు.

లైఫ్ జాకెట్ల దగ్గర నేను బేరం ఒప్పుకోను. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరి వరదలో రాయల్ వశిష్ఠ మునిగినప్పుడు మా ఆడపడుచు ఇంటి వీధిలో దీపాలు పెట్టలేదని చెప్పింది. నలభై మందికి పైగా పోయారు. ఆ వారమంతా మా వారు పడవ మాట ఎత్తలేదు. ఎక్కేముందే జాకెట్టు, దిగాకే విప్పడం. నడిపేవాళ్ళు పడిపోతే ఇంజను తనంతట ఆగేలా చేతికి కట్టుకునే తాడు ఒకటుంటుంది. అది కట్టుకోకపోతే నేను ఒడ్డునే కూర్చుంటానని చెప్పాను.

ఇక ఎప్పుడు అన్నది డ్యామే తేల్చింది. 2024 ఆగస్టు 10 రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగి కొట్టుకుపోయింది. డెబ్బై ఏళ్ళ గేటు. నిండిన డ్యాములోంచి ముప్పై టీఎంసీలకు పైనే నీళ్ళు నదిలో కలిసిపోతుంటే మా అన్నయ్య ఉరవకొండ నుంచి రోజుకు రెండుసార్లు ఫోను చేసేవాడు. గేట్ల నిపుణుడు కన్నయ్యనాయుడుగారి పర్యవేక్షణలో ప్రవాహంలోనే అడ్డుపలకలు దించి వారంలోగా ఆపారు. ఆ రోజు మా క్వార్టర్లలో స్వీట్లు పంచుకున్నాం. గేట్లన్నీ మార్చాలని తేలడంతో 2025లో 80 టీఎంసీలకు మించి నిలపలేదు. ముప్పై మూడు గేట్లూ పూర్తయి, డ్యాము ఒకసారి నిండి, రెండు కాలువలకూ నీళ్ళు పారిన తర్వాతే మన పడవ అన్నాను. ఆయన తలూపి, "ఇంజను మాత్రం ఇప్పుడే కొని పెట్టుకుందాం, ధర తగ్గింది" అన్నారు. గ్యారంటీ కొన్న రోజు నుంచే లెక్క కదా, కొట్లో ఉండగానే అది కరిగిపోతుందంటే ఆగారు.

ఒక రాత్రి నేనే అడిగేశాను, "మీరు హైదరాబాదు రానంటున్నారా?" అని. ఆయన చాలాసేపు ఊరుకుని, "నువ్వు రమ్మంటే వస్తాను. పడవ రాదు" అన్నారు. అబ్బాయితో మాట్లాడాం. వాడు, "అమ్మా, ఒక ఏడాది హోసపేటలో అద్దెకుండి చూడండి, ఇల్లు కొనకండి" అన్నాడు. కోడలు మాత్రం జనవరి సెలవులకు వస్తాం, పడవ అప్పటికి సిద్ధంగా ఉంచమంది.

పోయిన ఆదివారం ఇల్లు చూశాం. డ్యాముకు దగ్గర, మంచినీళ్ళు ఉన్నాయి, ఎదురుగా కూరగాయల బండి వస్తుంది. మా వారు వంటిల్లు చూడలేదు, టేపు పట్టుకుని వరండా కొలిచారు. పదమూడు అడుగులు. ఇప్పుడు పన్నెండు అడుగుల పడవ ధర కనుక్కుంటున్నారు. అందులో ముగ్గురే పడతారట. కోడలికి ఈ సంగతి ఇంకా చెప్పలేదు.