అద్దె గది – విద్యార్థి ఆరోగ్యం

1994 సెప్టెంబరులో సూరత్ నగరాన్ని ఊపిరితిత్తుల ప్లేగు కలవరపరచింది. దగ్గు తుంపరల ద్వారా సోకే ఈ వ్యాధికి భయపడి లక్షలాది ప్రజలు ఊరు విడిచారు. 1995లో మునిసిపల్ కమిషనరుగా వచ్చిన ఎస్.ఆర్. రావు చెత్త తొలగింపును, మురుగు కాలువల శుభ్రతను నిత్యకృత్యంగా మార్చగా, అనతికాలంలోనే సూరత్ దేశంలోని పరిశుభ్ర నగరాల సరసన నిలిచింది.

వసతి గృహాలలో చోటు లభించక బయట అద్దె గదులలో నివసించే విద్యార్థులకు ఈ అనుభవం గుణపాఠం. గాలి ఆడని ఇరుకు గదిలో నలుగురు నిద్రిస్తే క్షయ వంటి వ్యాధులు సులభంగా సంక్రమిస్తాయి. చెమ్మ గోడలపై పట్టే బూజు ఉబ్బసాన్ని తీవ్రతరం చేస్తుంది. మూతలేని నీటి తొట్టి డెంగీ దోమలకు నిలయమవుతుంది. కనుక గది కుదుర్చుకునే విద్యార్థి అద్దెతో పాటు కిటికీని, నీటి తొట్టిని, మురుగు కాలువను కూడా పరిశీలించాలి. గదిని బాగుచేయించడం యజమాని విధి. వీధిని శుభ్రంగా ఉంచడం నగరపాలక సంస్థ విధి. ఈ రెండూ నెరవేరినప్పుడే చదువు నిరాటంకంగా సాగుతుంది.