అమ్మ మాత్ర... ఆగిపోయే ఫోన్!

"బాబాయ్, తిప్పుతుంటే ఫోన్ బిగుసుకుపోతోంది!"

భీమవరం నుంచి మా అన్నయ్య కూతురి వీడియో కాల్. ఇంటర్ బైపీసీ. మా అమ్మ కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాల్సిన మెథోట్రెక్సేట్ మాత్రను ఆ మధ్య పొరపాటున వరుసగా రెండు రోజులు వేసుకుంది. అది ప్రమాదం. మందు ఎలా పట్టుకుంటుందో నాయనమ్మకు బొమ్మలో చూపించాలని పిల్ల పట్టుదల. అన్నట్టు, ఈ మందు వెనక ఉన్నది భీమవరంలోనే పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం. ఆయన పనిచేసిన లెడర్లీ ల్యాబ్ న్యూయార్క్ రాష్ట్రం పెర్ల్ రివర్‌లో ఉండేది.

నేను న్యూజెర్సీలో సైట్ సూపర్‌వైజర్‌ని, చదివింది సివిల్ డిప్లొమా. మొదట నెట్ స్లో అనుకున్నా. కాదు! 1971లో 7 నిర్మాణాలతో మొదలై 2023కి 2 లక్షలు దాటిన ప్రోటీన్ డేటా బ్యాంక్ ఇక్కడి రట్జర్స్ యూనివర్సిటీలోనే ఉంది. అందులోని మోల్‌స్టార్ వ్యూయర్ ఫైలును ఒకసారి దించుకుంటుంది, అంతే. ఆపైన గీసే చాకిరీ అంతా మన ఫోన్‌లోని గ్రాఫిక్స్ చిప్‌దే. తిప్పిన ప్రతిసారీ మళ్లీ గీయాలి.

ఒకప్పుడు జేమోల్ అనే వ్యూయర్ జావా ఆప్లెట్‌గా నడిచేది. 2015లో క్రోమ్ ఆ రకం ప్లగిన్లను తీసేసింది. ఇప్పుడు వెబ్‌జీఎల్ ద్వారా బ్రౌజరే చిప్‌ను వాడుకుంటోంది. అందుకే 24 లక్షల పరమాణువులున్న హెచ్ఐవీ లోపలి కవచం కూడా మంచి కంప్యూటర్‌లో తిరుగుతుంది. మా పిల్ల ముచ్చటపడి ముందు అదే తెరిచింది. చౌక ఫోన్ ఏం చేస్తుంది పాపం!

సైట్లో ట్యాబ్ మీద బిల్డింగ్ మోడల్‌ని బోల్టులతో సహా తెరిస్తే అదీ ఇంతే. పిల్లర్లు, బీములు ఉంచి మిగతావి ఆపేస్తాం. పిల్లకీ అదే చెప్పా.

"4డీఎఫ్ఆర్ అని కొట్టమ్మా. నీటి అణువులు దాచెయ్. సర్ఫేస్ వద్దు, రిబ్బన్ చాలు. మందొక్కటే కడ్డీల్లా ఉంచు. మిగతా ట్యాబులు మూసెయ్."

అది బాక్టీరియా ఎంజైమ్, మనిషిది కాదు. అయినా ఫోలిక్ యాసిడ్ రకం కూర్చోవాల్సిన గుంటలో మందు ఎలా దూరి కూర్చుందో కళ్లకు కడుతుంది. కీళ్లవాతంలో దాని పని ఇంతకన్నా చిక్కనుకోండి.

ఈసారి బొమ్మ తిరిగింది. అమ్మ కళ్లజోడు సవరించుకుని చాలాసేపు చూసింది.

"ఏరా, ఇంత గట్టిగా పట్టుకుంటుందా? అయితే ఆదివారం దాకా డబ్బా మీ వదిన దగ్గరే ఉండనీ."