సునౌలీ గేటు దాటితే ఫోను మూగబోతది: యాత్రకు పోయేవారికి, ఇంట్లో ఉండేవారికి

మన షోలాపూర్ నుండి కాశీ, అయోధ్య యాత్రకు పోయేవారు ఈమధ్య అక్కడితో ఆగుతలేరు. గోరఖ్‌పూర్ దాకా రైలు, అక్కడి నుండి బస్సు. సునౌలీ గేటు దాటితే నేపాల్. పశుపతినాథుని దర్శనం చేసుకుని, పోఖరా చూసి, ఓపిక ఉన్నవారు ముక్తినాథ్ దాకా పోయి వస్తున్నారు. ముక్తినాథ్ 108 దివ్యదేశాలలో ఒకటి. సాలగ్రామాలు దొరికే కాళీగండకీ నది ఆ దారిలోనే ఉంది.

ఈ దారిన పోయేటందుకు మనకు పాస్‌పోర్ట్ అక్కరలేదు, ఓటరు కార్డు చూపిస్తే చాలు. కొందరు ఒక్క ఆధార్ పట్టుకుని వస్తారు. 15 ఏండ్ల లోపు పిల్లలకు, 65 దాటిన పెద్దలకు అది నడుస్తది. మిగతావారు ఓటరు కార్డు గాని పాస్‌పోర్ట్ గాని తప్పక పెట్టుకోవాలి. పాస్‌పోర్ట్ లేకుండ, వీసా లేకుండ పోతున్నాం గనుక పరదేశం పోతున్నామన్న సంగతి మన మనసుకు పట్టదు. కాని ఫోనుకు పడుతది. గేటు దాటి రెండు మూడు కిలోమీటర్లు పోయేసరికి సిగ్నల్ గీతలు ఒక్కొక్కటే తగ్గి, చివరికి ‘సర్వీస్ లేదు’ అని చూపిస్తది.

నేను ఆ యాత్రకు పోయి వచ్చిన. మా బస్సులో దాదాపు నలభై మందిమి, అందరమూ సాంచెల పని, టవల్ కార్ఖానాల పని, బీడీల పని చేసిన ఇండ్లవాళ్లమే. అందులో ఒక అక్క ఉండె. బయలుదేరే ముందు రిచార్జి చేయించుకుంటూ ఆమె దుకాణం అబ్బాయిని అడిగిందట, ఇది నేపాల్‌లో నడుస్తదా అని. “నేపాల్ అంటే మన పక్కనే కదా పెద్దమ్మా, ఈ ప్యాకే నడుస్తది” అన్నాడట ఆ అబ్బాయి. సునౌలీ దాటినాక ఆమె ఫోను మూగదైంది. ఫోను పాడైందేమో, ఊరికి పోయినాక చూపించుకుందాం అని సంచిలో పడేసింది.

మూడో రోజు రాత్రి షోలాపూర్‌లో ఆమె తల్లి కాలం చేసింది. తమ్ముడు రాత్రంతా ఫోన్ చేస్తూనే ఉన్నాడు. ప్రతిసారీ ‘అందుబాటులో లేరు’ అనే మాటే. మా బస్సు పెద్ద దగ్గర నేపాల్ నంబరు ఉంది గాని, అది ఆయన ఇంట్లో తప్ప ఇంకెవరి దగ్గరా లేదు. తమ్ముడు ఆ ఇల్లు వెతుక్కుంటూ పోయి, నంబరు పట్టుకుని, మాకు కబురు చేరేసరికి మర్నాడు మధ్యాహ్నం దాటింది. అప్పటికి మేము కొండల్లో ఉన్నాం. అక్కడి నుండి దిగి ఎట్లా పోయినా రెండు రోజులు పడుతది. శవాన్ని అన్ని రోజులు ఎవరు ఆపుతారు? ఆమెకు తల్లి ఆఖరి చూపు దక్కలేదు. “రాత్రే తెలిస్తే పోఖరా నుండే మర్లిపోదును గదా” అని ఆమె బస్సులో ఏడుస్తుంటే ఓదార్చేటందుకు మా దగ్గర మాట లేకపాయె.

ఇది ఇంకొకరికి జరగకూడదని రాస్తున్న. నాది నాలుగో తరగతి చదువు. నాకు అర్థమైన సంగతులు ఎవరికైనా అర్థమైతయి.

ముందు, ఫోను ఎందుకు ఆగుతదో చూద్దాం. మన సిమ్ము మన దేశపు కంపెనీది. నేపాల్‌లో ఆ కంపెనీకి టవర్లు లేవు. అక్కడ నేపాల్ టెలికామ్, ఎన్‌సెల్ అనే కంపెనీల టవర్లు ఉన్నాయి. మన ఫోను అక్కడి టవర్‌ను అడిగితే, ఆ టవర్ మన కంపెనీని అడుగుతది, ‘ఈ మనిషి మీవాడేనా, ఇతని ఖర్చు మీరు ఇస్తరా’ అని. మనం ముందే అంతర్జాతీయ రోమింగ్ పెట్టించుకుంటే మన కంపెనీ ఔనంటది. లేకుంటే కాదంటది. మన బీమును ఇంకొకరి సాంచె మీదికి ఎక్కిస్తే ఆ సాంచె యజమాని కూలి అడగడా? ఇదీ అంతే. అక్కడి కంపెనీ మన కంపెనీని కూలి అడుగుతది, మన కంపెనీ దాన్ని మన మీద వేస్తది. అందుకే అక్కడ మనం చేసే కాల్‌కే కాదు, మనకు వచ్చే కాల్‌కు కూడా డబ్బు పడుతది.

వచ్చే కాల్‌కు డబ్బేంది అని పిల్లలు ఆశ్చర్యపోతారు. పెద్దలకు గుర్తుండాలి. మన దేశంలో మొదటి సెల్‌ఫోన్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుండి ఢిల్లీకి పోయింది. ఆ తరువాత చాలా ఏండ్లు, ఫోన్ ఎత్తినా డబ్బు పడేది. 2003 మే నుండి ఎత్తినవారికి ఖర్చు లేకుండ చేసినారు. ఇప్పుడు షోలాపూర్ సిమ్ముతో కాశీ పోయినా, రామేశ్వరం పోయినా ఒకటే లెక్క గనుక ఆ సంగతి మర్చిపోయినాం. దేశం దాటితే పాత లెక్క మళ్లీ మొదలైతదని పెట్టుకోండి.

ఇక చేయవలసిన పని. మూడు దారులు ఉన్నాయి.

మొదటిది, మన సిమ్ముకే రోమింగ్ ప్యాక్ వేసుకోవడం. బయలుదేరే ముందు ఇంటి దగ్గరే చేయించుకోవాలి. సరిహద్దు దాటినాక సిగ్నలే లేకపోతే ఎట్లా చేస్తాం? ప్యాక్ వేసేటప్పుడు మూడు మాటలు అడగండి. ఇందులో నేపాల్ ఉందా? ఎన్ని రోజులు? వచ్చే కాల్స్ ఇందులోనే కలుస్తయా? దుకాణం వారి మాట మీదనే ఉండకుండ కంపెనీ కస్టమర్ కేర్‌కు ఫోన్ చేసి గాని, కంపెనీ యాప్‌లో గాని చూసుకోండి.

రెండవది, అక్కడి సిమ్ము కొనడం. నేను ఇదే చేసిన. గుర్తింపు కార్డు, దాని జిరాక్స్, ఒక పాస్‌పోర్ట్ సైజు ఫోటో అడిగినారు. ఫోటోలు రెండు మూడు సంచిలో పెట్టుకుంటే మంచిది. అక్కడి సిమ్ముతో ఇంటర్నెట్ చౌకగా వస్తది. కాని మన ఊరివాళ్లు ఆ నంబరుకు మామూలుగా ఫోన్ చేస్తే వాళ్లకు ఐఎస్‌డీ ఖర్చు పడుతది. అందుకని వాట్సాప్‌లో మాట్లాడుకోవాలి.

ఇక్కడ ఒక సంగతి జాగ్రత్త. కొత్త సిమ్ము వేయగానే వాట్సాప్ ‘నంబరు మారుస్తారా’ అని అడగవచ్చు. వద్దు అనాలి. సిమ్ము మారినా వాట్సాప్ పాత నంబరు మీదనే నడుస్తది, మన వాళ్లు పాత నంబరుకే చేయవచ్చు.

మూడవది, సిమ్ము ఏమీ కొనకుండ లాడ్జిలోని వైఫై మీద వాట్సాప్ వాడుకోవడం. ఖర్చు లేదు. కాని బస్సులో ఉన్నంతసేపు ఎవరికీ అందరు. ఇంట్లో ముసలివాళ్లు, జబ్బు మనుషులు ఉన్నవారు ఈ ఒక్కదాన్నే నమ్ముకోవద్దు.

రెండు సిమ్ముల ఫోను ఉన్నవారు మన సిమ్మును తీసి పారేయకండి. బ్యాంకు ఓటీపీ దానికే వస్తది. తీసేస్తే ఫోన్‌పే, గూగుల్‌పే వంటివి మొరాయిస్తయి. రోమింగ్ పెట్టించుకున్న సిమ్ము ఉంటే దానికి వచ్చే ఎస్సెమ్మెస్‌కు సాధారణంగా డబ్బు ఉండదు. మన సిమ్ముకు ‘డేటా రోమింగ్’ అనే మీట మాత్రం ఆపి ఉంచండి. ప్యాక్ లేకుండ అది తెరిచి ఉంటే, మనం ఏమీ చూడకపోయినా ఫోను తనంతట తానే ఫోటోలు, వీడియోలు దింపుకుంటది, డబ్బు పోతది.

నంబర్లు రాసుకునే పద్ధతి కూడా మార్చాలి. ఫోనులో అందరి నంబర్లు ముందర +91 పెట్టి దాచుకోండి. సున్నా మీట కొంచెంసేపు వత్తి పట్టుకుంటే ఆ కూడిక గుర్తు వస్తది. ఇంటి ల్యాండ్‌లైన్ అయితే షోలాపూర్ కోడ్ 0217లో ముందున్న సున్నా తీసేసి, +91 217 అని కొట్టి మిగతా నంబరు కొట్టాలి. నేపాల్ నంబరుకు ఇక్కడి నుండి చేస్తే ముందు +977 కొట్టాలి.

గడియారం సంగతి కూడా ఉంది. నేపాల్ టైము మనకంటే 15 నిమిషాలు ముందు. అక్కడి సిగ్నల్ అందుకున్న ఫోను దానంతట అదే మారుతది, మూగబోయిన ఫోను మన టైమే చూపిస్తది. డ్రైవరు ‘ఐదింటికి బస్సు’ అంటే మన ఫోనులో అది నాలుగూ ముప్పావు. మా బస్సులో మొదటి రోజు పొద్దున సగం మంది ఆలస్యంగా వచ్చింది దీనివల్లనే.

ముక్తినాథ్ 3,700 మీటర్లకు పైన ఉంది. ఆ ఎత్తులో కొందరికి ఊపిరి ఆడదు, తల తిరుగుతది. దారిలో కొండ అడ్డమైతే ఏ సిమ్ముకైనా సిగ్నల్ పోతది. అందుకే పోఖరాలోనే ఇంటికి మాట్లాడి, ‘రేపు ఎల్లుండి ఫోన్ కలవకపోతే భయపడకండి’ అని చెప్పిపోవాలి. నేపాల్‌లో పోలీసుకు 100, అంబులెన్స్‌కు 102.

దుబాయిలో, సింగపూర్‌లో పిల్లలు ఉండి, వారి దగ్గరికి పోయేవారు మనలో ఉన్నారు. వారికి రెండు మాటలు. దుబాయిలో వాట్సాప్ మెసేజ్, ఫోటో, గొంతు రికార్డు చేసి పంపేది నడుస్తయి గాని, వాట్సాప్ కాల్ అక్కడి ప్రభుత్వం ఆపి ఉంచింది. అనుమతి ఉన్న బోటిమ్ వంటి యాప్‌ను మీ ఫోనులోనూ, ఇంట్లోవారి ఫోనులోనూ ముందే వేయించి, ఒకసారి మాట్లాడి చూసుకుని పోండి. దొడ్డిదారి యాప్‌ల జోలికి పోవద్దు, అక్కడి చట్టం గట్టిది. ఆపద వస్తే అక్కడ పోలీసుకు 999, అంబులెన్స్‌కు 998. సింగపూర్‌లో 2017 ఏప్రిల్ నుండి పాత 2జీ టవర్లు మూసేసినారు. 2జీ మీటల ఫోను అక్కడ పని చేయదు.

మూడు నెలలు, ఆరు నెలలు ఉండేవారు ఆ కాలమంతా ఇక్కడి సిమ్ముకు రిచార్జి ఉండేటట్టు ఇంట్లోవారికి అప్పజెప్పాలి. చాలా రోజులు వాడక, రిచార్జి లేక పడి ఉన్న నంబరును కంపెనీ రద్దు చేసి, కొంతకాలానికి ఇంకొకరికి ఇస్తది. ఆ నంబరు మీద మీ పింఛను ఖాతా ఉంటే ఎంత చిక్కో ఆలోచించండి.

చివరిగా, యాత్ర నడిపే పెద్దలకు ఒక మనవి. సరిహద్దు దాటగానే ఒక నేపాల్ సిమ్ము కొని, ఆ నంబరును ఆ గంటలోనే బస్సులో ఉన్న ప్రతి ఒక్కరి ఇంటికీ పంపండి. ఫోను లేని వారి ఇండ్లకు కూడా. ప్రతి ఇంటివారి నంబరు, మీ ఇద్దరు సహాయకుల నంబర్లు కాగితం మీద రాసి అందరికీ తలా ఒకటి ఇవ్వండి. ఛార్జింగ్ అయిపోయిన ఫోనులో నంబర్లు ఉండి లాభం లేదు. ఇంట్లో ఉండేవారు కూడా యాత్ర బయలుదేరే రోజే బస్సు పెద్ద ఇల్లు ఎక్కడో, ఆయన ఇంట్లో ఎవరికి ఫోన్ చేయాలో అడిగి గోడ మీద రాసి పెట్టుకోండి. ఇందుకు పది నిమిషాలు పట్టదు.