పాతరలలోను పాడుబావులలోను దిగువారికి జాగ్రత్తలు

రైతులకు విజ్ఞాపనము

పల్నాటివంటి మెట్టసీమలలో జొన్నలను పాతరలో పోసి, నోరు మూసి మన్ను కప్పుట పూర్వాచారము. 1967లో సాగరు కాలువల నీరు వదలిన పిదపను, కాలువ అందని మెట్టలలో బావియే ఆధారము. పాతరను తెరచునపుడును, బావి పూడిక తీయునపుడును మనుష్యుడు లోపలికి దిగవలసివచ్చును. అపాయమచ్చటనే యున్నది.

గింజ ప్రాణముగల వస్తువు. మూసిన పాతరలో నది ప్రాణవాయువును పీల్చి బొగ్గుపులుసు వాయువును విడుచును. పాతరజొన్నకు పురుగు పట్టకుండుటకు కారణమిదియే. పురుగును చంపు ఆ గాలియే మనుష్యుని చంపును. బొగ్గుపులుసు వాయువు మామూలు గాలికంటె ఒకటిన్నర రెట్లు బరువైనది గాన, మూత తీసినను అడుగుననే నిలిచియుండును. దానికి రంగు లేదు. వాసనచే దానిని గుర్తింపరాదు. బావిలో కుళ్లిన ఆకును బురదయు నిట్లే గాలిని చెరచును.

మంచిగాలి నూరు పాళ్లలో ప్రాణవాయువు 21 పాళ్లుండును. 19½ పాళ్లకు తగ్గిన చోట దిగరాదు. 10 పాళ్లకు తగ్గినచో మనుష్యుడు కేకయైన వేయలేక నిమిషములలో స్పృహ తప్పును. ఇది దయ్యపు చేష్ట కాదు.

దీపపరీక్షనుగూర్చి: దింపిన దీపము ఆరినచో దిగరాదనుట నిజము. వెలిగినంతమాత్రమున దిగవచ్చుననుట నిజము కాదు. ఇంజను పొగలోని విషవాయువు దీపము నార్పదు. పేడగుంటలలోను, గోబరుగ్యాసు తొట్లలోను దీపము దింపుట మిక్కిలి ప్రమాదము. అచటి వాయువు భగ్గున నంటుకొనును.

గమనింపవలసిన విధులు:

1. మూత తీసిన వెంటనే దిగరాదు. గాలిపంకాకు పొడుగుపాటి గొట్టము తగిలించి, అడుగువరకు మంచిగాలిని కొట్టవలెను. పని ముగియువరకు దానిని ఆపరాదు.

2. ఆయిలింజనును బావిలోనికి దింపరాదు. గట్టుమీదనైనను బావినోటికి దూరముగా నుంచవలెను.

3. దిగువానికి భుజములకును తొడలకును పట్టీలు బిగించి, మోకును పైనున్న గిలకపై నడపవలెను.

4. పైన ఇద్దరు తప్పక యుండి, మాటిమాటికి పలుకరించుచుండవలెను. బదులు రానిచో వెంటనే పైకి లాగవలెను.

5. లోపలివాడు పడిపోయినచో రెండవవాడు దిగరాదు. మోకుతోనే లాగి, గాలి కొట్టుచు, 101కిని 108కిని ఫోను చేయవలెను. అగ్నిమాపకదళమువారికి శ్వాసయంత్రములుండును. ముక్కునకు తడిగుడ్డ కట్టుట నిష్ప్రయోజనము.

ఈ అయిదవ విధి ముఖ్యాతిముఖ్యము. ఇట్టి ఇరుకుచోట్ల చనిపోయినవారిలో నూటికి 60 మందికి పైగా, ఇతరులను రక్షింప దిగినవారేయని 1986లో అమెరికాదేశపు వృత్తిరక్షణ సంస్థ తెలిపినది. అన్న వెనుక తమ్ముడు, తండ్రి వెనుక కొడుకు దిగుట సహజమే. కాని అట్లు దిగుటవలన ఒక పాడెకు బదులు రెండు పాడెలు లేచును.

దిగువాడు కూలివాడైనను, వాని ప్రాణమునకు పూచీ దింపిన రైతుదే. మోకును, గిలకయు, గాలిపంకాయు సిద్ధపడనిచో ఆనాటికి పని మానుట మేలు. పూడిక రేపైనను తీయవచ్చును.