ఆప్-ఆంప్‌కు రెండు సరఫరాలు ఎందుకు? ఒక్కటి ఎలా సరిపోతుంది?

మైక్రోఫోన్ సంకేతం సున్నా వోల్టులకు పైకీ కిందికీ ఊగుతుంది కనుక, దానిని పెంచే ఆపరేషనల్ యాంప్లిఫయర్, అంటే ఆప్-ఆంప్, రుణ వోల్టేజీని కూడా ఇవ్వగలగాలి. సరఫరా హద్దులను అది దాటలేదు కాబట్టి, 1968లో వచ్చిన 741 వంటి చిప్‌లకు +15, −15 వోల్టుల జంట సరఫరా ఇవ్వడం ఆనవాయితీ అయింది. విచిత్రమేమిటంటే, 741కు గ్రౌండ్ పిన్నే లేదు. సున్నా ఎక్కడుందో దానికి తెలియదు, తెలియవలసిన అవసరమూ లేదు. అందువల్ల ఒక్క 9 వోల్టుల బ్యాటరీ కొసల మధ్య రెండు సమానమైన రెసిస్టర్లను వరుసగా కలిపి, వాటి నడుమ ఏర్పడే 4.5 వోల్టులనే కొత్త సున్నాగా భావించి, కెపాసిటర్ ద్వారా వచ్చే సంకేతం దాని చుట్టూ ఊగేలా చేయవచ్చు. అయితే 741 అవుట్‌పుట్ సరఫరా అంచులకు ఒకటి రెండు వోల్టుల ఇవతలే ఆగిపోతుంది కాబట్టి, చిన్న బ్యాటరీలకు 3 వోల్టులతోనూ నడిచే ఎల్ఎమ్358 మేలు.