మీకు తెలుసా? మందలో ఏపుగా ఉన్న పిల్లే ముందు పడిపోతుంది

• ఆత్మకూరు, ఉదయగిరి మెట్టల్లో మేసేది నెల్లూరు జాతి గొర్రె. దేశంలోకెల్లా ఎత్తయిన జాతి ఇదే. ఒంటిమీద ఉన్ని ఉండదు, వెంట్రుకలే. తెల్లగా ఉంటే పల్ల, తెల్ల మొహం మీద నల్ల మచ్చలుంటే జోడిపి, ఎర్రగా ఉంటే దొర.

• కాపరి గుండె గుభేలుమనేది చిటుకు రోగానికి. సాయంత్రం గంతులేస్తూ దొడ్డికి చేరిన పిల్ల, తెల్లారేసరికి తల వెనక్కి విరుచుకుని, కాళ్లు చాపేసి చచ్చి పడుంటుంది. అదీ బక్కది కాదు, తల్లి దగ్గర పాలు దండిగా తాగి కండపట్టినది. పాము కాటో, ఎవరన్నా మందు పెట్టారో అనిపిస్తుంది. నిజానికి చంపింది దాని పేగుల్లోనే కాపురముండే క్లాస్ట్రిడియం పర్‌ఫ్రింజెన్స్ 'డి' రకం.

• మామూలు రోజుల్లో ఆ సూక్ష్మజీవితో పేచీ లేదు. వానకు లేచిన లేత పచ్చిక మీదికో, కోత అయిన చేలో రాలిన గింజల మీదికో మందను ఒక్కసారిగా తోలితేనే ముప్పు. అరగని పిండిపదార్థం చిన్నపేగుల్లోకి దిగుతుంది. అది దొరికాక సూక్ష్మజీవి విపరీతంగా పెరిగి ఎప్సిలాన్ అనే విషాన్ని వదులుతుంది. ఆశ్చర్యమేమిటంటే, వదిలినప్పుడు దానికి పెద్దగా పదును ఉండదు. గొర్రె సొంత జీర్ణరసంలోని ట్రిప్సిన్ దాని కొస కత్తిరించాకే అది కాలకూటమవుతుంది! పేగు గోడ దాటి నెత్తుట్లో కలిసి మెదడు వాచేలా చేస్తుంది. చచ్చాక కొన్ని గంటల్లోనే మూత్రపిండాలు గుజ్జుగుజ్జవుతాయి. అందుకే చచ్చిన జీవాన్ని పశువైద్యుడికి వెంటనే చూపించాలి.

• కుందేళ్లకూ ఇలాంటి గండమే ఉంది. పీచు తగ్గి దాణా ఎక్కువైతే, పాలు మానిన పిల్లల పేగుల్లో క్లాస్ట్రిడియం స్పైరోఫార్మే చెలరేగి నీళ్ల విరేచనాలు పట్టుకుంటాయి. మనం మింగే ఆమాక్సిసిలిన్ కుందేలు నోట్లో వేస్తే ప్రాణం మీదికొస్తుంది. మేలు చేసే సూక్ష్మజీవులు పోయి, ఈ చెరుపు చేసేవాటికి దారి దొరుకుతుంది.

• కుందేలు విరేచనంలో సైనిక్లోమైసిస్ అనే ఈస్టు కనబడగానే దాన్నే దోషి అనకండి. అది వాటి కడుపులో సహజంగా ఉండేదే. భయపడాల్సింది చెమ్మ తగిలిన చెనక్కాయ చెక్కకు పట్టే ఆస్పర్‌జిల్లస్ బూజుకు. దాని అఫ్లాటాక్సిన్ ఉడకబెట్టినా పోదు, కాలేయాన్ని తినేస్తుంది. 1960లో ఇంగ్లండులో టర్కీ కోళ్లు లక్షకు పైగా చచ్చిన తర్వాతే ఈ విషం సంగతి బయటపడింది.

• మళ్లీ గొర్రెల దగ్గరికొస్తే, చిటుకు రోగం వచ్చాక వైద్యానికి వ్యవధి దొరకదు. టీకా మాత్రం ఉంది. ఏటా తొలకరికి ముందే వేయించాలి. మొదటిసారి వేయిస్తుంటే, రెండు మూడు వారాలకు మరో మోతాదు తప్పదు. కొత్త పచ్చికకు తోలే ముందు కాస్త ఎండుగడ్డి పెట్టండి. టీకా రోజున బలంగా ఉన్నదానికి ఎందుకులే అని ఒక్క జీవాన్నీ వదిలెయ్యకండి.